కిల్లారి భూకంపం తరువాత: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు,

ఆశీస్సులు. భూకంపం వార్త సాధారణంగా మృతుల సంఖ్యతో ముగిసిపోతుంది. ఆ తరువాత మొదలయ్యే పంపకాలను, అంటే ఎవరికి ఎంత ఇల్లు, ఎక్కడ, ఎవరి నిర్ణయం మేరకు అన్న సంగతులను, పత్రికలు అంతగా పట్టించుకోవు. వాటి గురించే ఈ ఉత్తరం.

కిల్లారి మహారాష్ట్రలోని లాతూరు జిల్లాలో ఉంది. 1956 దాకా ఆ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు, ముందురోజు వినాయక నిమజ్జనం చేసి అలసి నిద్రపోతున్న ఊళ్లను భూకంపం నేలమట్టం చేసింది. తీవ్రత 6.2 మాత్రమే అయినా లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో సుమారు 10 వేల మంది చనిపోయారు. ప్రకంపనలు హైదరాబాద్ దాకా తెలిశాయి. అంతకు ముందు ఏడాదే కిల్లారి చుట్టుపక్కల నేల చాలాసార్లు చిన్నగా కంపించింది. కాని అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలో (జోన్‌లో) ఉండేది.

అంతమంది చనిపోవడానికి ముఖ్య కారణం ఇళ్లే. గుండ్రాళ్లను మట్టితో పేర్చి కట్టిన మందపాటి గోడలు, వాటిపైన ఎండకూ వానకూ ఆగేందుకు దట్టంగా మట్టి పరిచిన కప్పులు నిద్రలో ఉన్నవారి మీద కూలాయి. అలాంటి ఇల్లు కట్టుకోగలిగింది కాస్త కలిగినవారు. పూరిగుడిసెల్లో, రేకుల కింద ఉన్న పేదలలో చాలామంది ప్రాణాలతో బయటపడ్డారు.

పునరావాసం దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. ప్రపంచ బ్యాంకు రుణంతో మహారాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన పథకంలో, పూర్తిగా కూలిన ఊళ్లలో ఇచ్చే ఇంటి వైశాల్యాన్ని ఆ కుటుంబానికున్న భూమిని బట్టి నిర్ణయించారు. భూమి లేనివారికీ, 1 హెక్టారు లోపు ఉన్నవారికీ 250 చదరపు అడుగులు. 7 హెక్టార్ల దాకా ఉంటే 400. అంతకు మించితే 750. రైతుకు ధాన్యానికీ, పనిముట్లకూ చోటు కావాలన్న వాదనను కొట్టివేయలేం. అయినా, కూలికి వెళ్లే కుటుంబంలో మాత్రం మనుషులు తక్కువగా ఉంటారా అన్న ప్రశ్నకు నాకు ఎక్కడా సరైన జవాబు కనిపించలేదు. నా దృష్టిలో, ఊరిలో అంతకు ముందున్న అంతస్తులను ప్రభుత్వమే సిమెంటుతో మళ్లీ కట్టి ఇచ్చినట్టయింది.

అలా 52 ఊళ్లను కొత్త చోట్లకు మార్చారు. పట్టణపు కాలనీల్లాగా వెడల్పాటి రోడ్లూ, వరుస ఇళ్లూ వచ్చాయి కాని, చాలామందికి పొలం దూరమైంది, పశువులను కట్టుకునే చోటు కరువైంది, తరతరాల ఇరుగుపొరుగు చెదిరిపోయింది. కొత్త ఇళ్ల పక్కనే రేకులతో, తడికలతో వేసుకున్న పాకలే ఆ అసంతృప్తికి సాక్ష్యం.

నష్టం తక్కువగా ఉన్న ఊళ్లలో మరో పద్ధతి నడిచింది. అక్కడ దాదాపు 2 లక్షల ఇళ్లను యజమానులే, ప్రభుత్వమిచ్చిన డబ్బుతో, ఇంజనీర్ల సలహాతో, బాగుచేసుకోవడమో బలపరచుకోవడమో చేశారు. ప్రభుత్వానికీ ఊరికీ నడుమ మాట చేరవేసేందుకు గ్రామీణ స్త్రీలను 'సంవాద్ సహాయకులు'గా నియమించారు. గోడ మూలల్లో ఏం వెయ్యాలో, ఏ విడత డబ్బు ఎప్పుడు రావాలో ఇంటింటికీ తిరిగి చెప్పింది వారే. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే భాగం ఇదే.

2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు, అప్పటికి అనుభవం గడించిన లాతూరు స్త్రీలు కచ్ పల్లెలకు వెళ్లి అక్కడి ఆడవారితో కూర్చొని మాట్లాడారు. కిల్లారి నాడు మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న శరద్ పవార్‌ను, ప్రతిపక్షంలో ఉన్నా, ప్రధాని వాజపేయి జాతీయ విపత్తు కమిటీలోకి పిలిచారు. గుజరాత్ ముఖ్యమంత్రి కేశుభాయ్ పటేల్ సహాయ చర్యలపై విమర్శలూ, ఉప ఎన్నికల ఓటములూ ఎదుర్కొని అదే ఏడాది అక్టోబరులో పదవి వదులుకోగా, ఆ స్థానంలోకి నరేంద్ర మోదీ వచ్చారు.

సునామీ కూడా చూశాక, 2005లో పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. పరిహారంలోనూ సహాయంలోనూ లింగం, కులం, సమాజం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపరాదని అందులోని 61వ సెక్షన్ చెబుతుంది. భూమి ఉన్నవారు, లేనివారు అన్న తేడా ఆ జాబితాలో లేదు.

మీ తాతయ్య