మిరియం వాసన పైకి, కారం అడుగుకి

మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, నీళ్లలో వేసి మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే తేటగా, ఏ రంగూ లేని నీరు వస్తుంది. వాసన చూస్తే అచ్చం మిరియమే. నోట్లో పోసుకుంటే మాత్రం కారం ఉండదు. నాలిక చురుక్కుమనదు, గొంతు మండదు. గిన్నె అడుగున మిగిలిన కషాయం ఒక చెంచా రుచి చూడండి, కారమంతా అక్కడ దొరుకుతుంది.

మిరియానికి కారం ఇచ్చేది పైపరిన్. అది ఆవిరితో కలిసి పైకి లేచే రకం కాదు. వాసన ఇచ్చేవి వేరు. పైనీన్, లిమొనీన్, సబినీన్, కేరియోఫిలీన్ అనే నూనె పదార్థాలు ఆవిరి దొరికితే చాలు, దాంతో పాటు బయల్దేరతాయి. ఒకే గింజలో కలిసి ఉన్న ఈ రెండు గుణాలనీ వేడి, చల్లదనం తప్ప మరేమీ వాడకుండా విడదీయగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే. పుస్తకాల్లో దీన్ని స్వేదనం అంటారు. ఆయుర్వేదం వాళ్లు ఇలా దిగిన నీటిని అర్కం అంటారు. పెళ్లిళ్లలో మన మీద చల్లే పన్నీరు, పిల్లలకి కడుపునొప్పి వస్తే పట్టే వాము అర్కం ఈ దారిలో వచ్చినవే. విదేశాల్లో ఎంతోమంది ఇష్టంగా తయారుచేసే మూలికల మద్యాలు, ముఖ్యంగా జిన్, ఈ దారిలోవే.

అల్లం కూడా మిరియం లాంటిదే. వాసన వస్తుంది, జింజెరాల్ అనే ఘాటు పదార్థం అడుగునే ఉండిపోతుంది. పసుపు కొమ్ముల అర్కంలో ఆ ముదురు పసుపు రంగు ఉండదు, ఎందుకంటే రంగునిచ్చే కుర్కుమిన్ కదలదు, వాసననిచ్చే టర్మెరోన్లు మాత్రం వచ్చేస్తాయి. అతిమధురం వేస్తే తీపి రాదు. మూలికల్లోని చేదు, తీపి, కారం, రంగు దాదాపు అన్నీ బరువైన అణువులవి. గాల్లోకి లేచి మన ముక్కు దాకా రాగలిగినవే ఆవిరిలోకీ వస్తాయి. అందుకే ఏ మూలికనైనా ముందు వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తే, దాని అర్కం ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది.

ఈ సరదాకి విశాఖపట్నం చాలా అనువైన ఊరు. పైన ఏజెన్సీలో కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదకి మిరియం తీగలు పాకిస్తారు. పాడేరు వైపు నుంచి పసుపు, అల్లం దిగుతాయి. గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, దాని ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే. పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే ధనియాలు, దాల్చినచెక్క, ఏలకులు కావలసినన్ని. నిమ్మగడ్డి అయితే కుండీలో పెంచుకున్నా గుబురుగా వస్తుంది. లండన్ జిన్ తయారీదార్లు వాడే సరుకు జాబితా చూస్తే ధనియాలు, నిమ్మతొక్క, అతిమధురం, దాల్చినచెక్క జాతి, తోకమిరియాలు కనిపిస్తాయి. సగం మన పోపుల పెట్టె, సగం మూలికల కొట్టు. జిన్‌కి ప్రాణమైన జూనిపర్ కాయలు మాత్రం మన వైపు పండవు. అది చలి ప్రాంతాల మొక్క, హిమాలయాల్లో పెరుగుతుంది.

ఇంట్లో అర్కం తీయడానికి ప్రత్యేకమైన సామానేమీ అక్కర్లేదు. లోతైన స్టీలు తపేలా, మధ్యలో ఒక స్టాండు, దాని మీద చిన్న గిన్నె. స్టాండు చుట్టూ తరిగిన నిమ్మగడ్డి, అది మునిగేంత నీళ్లు. నీటి మట్టం గిన్నె అంచుకి చాలా కింద ఉండాలి, లేకపోతే పొంగు గిన్నెలో పడుతుంది. పైన గుండ్రటి మూతని తిరగేసి, పిడి కిందకి వచ్చేలా పెట్టి, మూత గుంటలో ఐసు ముక్కలు వేయాలి. ఆవిరి ఆ చల్లటి మూతకి తగిలి నీరై, వాలు వెంట జారి, పిడి చివర నుంచి గిన్నెలోకి బొట్టుబొట్టుగా రాలుతుంది. మంట సన్నగా ఉండాలి. తపేలా నెమ్మదిగా కుతకుతలాడాలి, తెర్లకూడదు. ఏజెన్సీలో ఇప్పపువ్వు సారా కాసేవాళ్ల మట్టికుండల పద్ధతీ ఇదే. కింద కుండ, లోపల ఆవిరిని పట్టే పాత్ర, పైన చన్నీళ్ల పాత్ర. భౌతికశాస్త్రం పుస్తకం తెరవకుండానే దీని కిటుకంతా వాళ్లు ఎప్పుడో పట్టేశారు.

ఇక్కడ వేడి పెట్టడం తేలిక, తీసేయడమే కష్టం. ఆవిరి మళ్లీ లీటరు నీరు కావాలంటే సుమారు 2,257 కిలోజౌళ్ల వేడిని వదలాలి. కిలో ఐసు కరగడానికి తీసుకునేది 334 కిలోజౌళ్లే. కరిగిన నీరు గోరువెచ్చబడేదాకా ఉంచినా, కిలో ఐసుతో మనకి దక్కేది 200 మిల్లీలీటర్ల అర్కానికి కాస్త అటూఇటూ. మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనట్టు ఉంటాయి. ఆ నీళ్లతో ఆవిరిని చల్లార్చాలనుకుంటే వాసన సగం వంటింట్లోకే పోతుంది. వైజాగ్‌లో ఈ పని తెల్లవారుజామునో, డిసెంబరులోనో హాయి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ప్రెషర్ కుక్కరు విజిల్ తీసేసి, అక్కడ గొట్టం తగిలించి అర్కం తీసేవాళ్లు ఉన్నారు. ఒక ఆకు ముక్క వెళ్లి ఆ సన్నటి రంధ్రానికి అడ్డం పడితే లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. వదులుగా కూర్చునే మూత ఉన్న తపేలాలో కొంచెం ఆవిరి వృథా అవుతుంది, అంతే. ఆ వృథా మన మంచికే.

ఇక అసలు చిక్కుప్రశ్న. లిమొనీన్ మరిగేది 176 డిగ్రీల దగ్గర. నిమ్మగడ్డి వాసనకి మూలమైన సిట్రాల్ మరిగేది దాదాపు 229 దగ్గర. తపేలాలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. మరి ఈ నూనెలు పైకి ఎలా వస్తున్నాయి?

ద్రవం మరగడమంటే దాని ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడితో సమానం కావడం. సముద్రమట్టం దగ్గర అది 760 మిల్లీమీటర్ల పాదరసం. ఒకదాంట్లో ఒకటి కలవని రెండు ద్రవాలు ఒకే గిన్నెలో ఉంటే, ఒకదానితో ఒకటి పని లేనట్టు దేని ఒత్తిడి అది పెడుతుంది. రెండూ కలిపి 760 అయితే చాలు, రెండూ మరిగిపోతాయి. నీరు, లిమొనీన్ కలిసి ఉంటే 98 డిగ్రీల లోపే ఆ లెక్క కుదురుతుంది. సుమారు 700 నీటి వాటా, మిగిలిన 60 లిమొనీన్ వాటా. అంటే 176 డిగ్రీల దాకా కాగాల్సిన నూనె, పక్కన నీరు ఉండటం వల్ల దాదాపు 80 డిగ్రీల ముందే బయల్దేరుతోంది. సున్నితమైన వాసనలు మాడిపోకుండా దక్కుతున్నాయంటే కారణం ఇదే. అరకులో, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, నీరే 97 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి అక్కడ వేడి ఇంకొంచెం తక్కువే సరిపోతుంది.

నిమ్మగడ్డి నూనెలో 70 నుంచి 80 శాతం సిట్రాలే. కానీ కిలో పచ్చిగడ్డికి వచ్చే నూనె రెండు నుంచి ఐదు గ్రాములు, అదీ మంచి సామగ్రి ఉంటే. ఇంటి తపేలాలో అంత రాదు. అర్కం మీద సన్నటి పొరలాగా, అక్కడక్కడ లేత పసుపు చుక్కల్లాగా కనిపిస్తుంది. కాసేపు కదపకుండా ఉంచితే ఆ చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని అంచున చేరతాయి. మొదటి గ్లాసులో పచ్చి నిమ్మతొక్క వాసన. ఆపకుండా మరిగిస్తూ పోతే రెండో గ్లాసుకి ఎండుగడ్డి, ఆ తర్వాత ఉడికిన ఆకుకూర. ఎక్కడ ఆపాలో గడియారం కన్నా మన ముక్కే బాగా చెబుతుంది. ప్రతి పావుగంటకీ గిన్నె మార్చి, వరసగా పెట్టి వాసన చూడటం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

జిన్ తయారీలోనూ ఇలాగే విడివిడిగా పట్టుకుంటారు. ముందుగా నిమ్మ, నారింజ తొక్కల వాసనలు, తర్వాత జూనిపర్, ధనియాలు, చివరికి వేర్ల మట్టివాసన. మరీ మొదటిదీ, మరీ చివరిదీ పక్కన పెట్టి మధ్య భాగాన్ని ఉంచుకుంటారు. నీటికి బదులు ఆల్కహాల్ వాడటంలో ఒక లాభం ఉంది. నూనెలు నీటిలో కరగవు, ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి. అందుకే జిన్ మీద నూనె తేలదు. సోంపు మద్యం సీసాలో తేటగా ఉండి, నీళ్లు పోయగానే పాలలాగా తెల్లబడడానికి కారణం కూడా ఇదే. ఆల్కహాల్ పలచబడగానే అనెథాల్ అనే సోంపు నూనె కరిగి ఉండలేక సన్నటి బిందువులై బయటపడుతుంది. ఇంట్లో తీసిన సోంపు అర్కం మొదట్నుంచీ మసకగా ఉంటే కంగారు పడకండి, ఆ మసకే వాసన.

ఇంతవరకూ బానే ఉంది, మరి ఇంట్లో ఆల్కహాల్‌తోనే చేసుకుంటే ఏం పోయింది అని అడిగేవాళ్లుంటారు. న్యూజిలాండ్‌లో సొంత వాడకానికి ఇంట్లో మద్యం కాచుకోవడం 1996 నుంచి చట్టసమ్మతం. మన దగ్గర కాదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం కాయడం నేరం, అమ్మకపోయినా నేరమే. అసలు మన నేల మీద సారా బట్టీ అనే మాటే వేరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. ఎన్ని కాపురాలు కూలితే అంత కోపం పుట్టి ఉంటుందో ఆలోచించండి. నల్లబెల్లం ఊట పారబోశారన్న వార్త ఇప్పటికీ జిల్లా పేజీలో వస్తూనే ఉంటుంది. ఇక్కడ కూర్చుని ఇంటి బట్టీని సరదా అనడానికి నాకు నోరు రాదు.

చట్టం సంగతి అలా ఉంచి, విశాఖ వాతావరణమే దీనికి ఒప్పుకోదు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న మద్యం నుంచి అంటుకోగల ఆవిరి లేవడానికి 26 డిగ్రీలు చాలు. మన వంటింట్లో ఏడాదిలో చాలా నెలలు అంతకన్నా వేడే. ఆ ఆవిరి గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, కాబట్టి నేల వెంట పాకుతుంది. గాల్లో 3.3 శాతం చేరితే మంట అందుకుంటుంది. పక్కనే గ్యాస్ స్టవ్ వెలుగుతూ ఉంటే ఇంకేం చెప్పాలి!

మిథనాల్ గురించి ఒక అపోహ గట్టిగా నాటుకుపోయింది. మొదటి చుక్కలు పారబోస్తే విషం పోతుందని. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర, మామూలు ఆల్కహాల్ 78.4 దగ్గర మరుగుతాయి కాబట్టి ముందుదంతా మిథనాలే అనుకుంటారు. నీరు, ఆల్కహాల్ కలిసిన ద్రవంలో లెక్క అంత శుభ్రంగా ఉండదు. మిథనాల్ మొదట్నుంచి చివరిదాకా కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. బెల్లం ఊటలో అది పుట్టేదే తక్కువ. పెక్టిన్ ఉన్న పళ్లలో ఎక్కువ. వార్తల్లో చూసే కల్తీసారా చావులకి చాలావరకు కారణం పరిశ్రమల మిథనాల్‌ని ఎవరో తెచ్చి కలపడం. అది శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. 10 మిల్లీలీటర్లు చూపు పోగొట్టగలవు, 30 ప్రాణం తీయగలవు. లక్షణాలు గంటల తర్వాత గానీ బయటపడవు. కళ్లు మసకబారాయని ఎవరైనా అంటే మజ్జిగ పట్టించి పడుకోబెట్టడం కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ దీనికి విరుగుడు మందు, డయాలసిస్ ఉంటాయి.

నీటితో ఈ టెన్షన్ ఏదీ లేదు. పైగా వాసనల శాస్త్రం అంతా నీటిలోనే నేర్చుకోవచ్చు. ధనియాలతో ఒకసారి, కొత్తిమీరతో ఒకసారి అర్కం తీసి పక్కపక్కన పెట్టండి. ఒకే మొక్క, రెండు వేరు లోకాలు. గింజ నూనెలో ఎక్కువ భాగం పూలవాసన వేసే లినలూల్, ఆకులో పచ్చివాసన వేసే ఆల్డిహైడ్లు.

పూల దగ్గరే చాలామంది నిరాశపడతారు. మల్లెలు తపేలాలో వేస్తే ఉడికిన వాసన వస్తుంది, మల్లె రాదు. ఆ పరిమళం వేడికి తట్టుకోదు. పాతకాలంలో నువ్వుల మీద మల్లెలు పరిచి, నువ్వులకి వాసన పట్టించి, ఆ తర్వాత నూనె తీసేవాళ్లు. అది తెలివైన పని. గులాబీ మాత్రం నీటికి లొంగుతుంది, ఎందుకంటే దాని ముఖ్యమైన వాసనల్లో ఒకటైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీటిలో కరుగుతుంది. పన్నీరు అంత పరిమళంగా ఉండటానికి కారణం అదే. మొగలిపువ్వు ఇంకా గొప్పది. ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా గంజాం జిల్లాలో రాగి డేగిసాల్లో మగపూలు వేసి కేవడా అత్తరు, కేవడా నీరు తీస్తారు. బిర్యానీలో, మిఠాయిల్లో పడేది ఆ నీరే. అదే మొగలి మన తీరం ఇసుకల్లోనూ ఉంది, దాన్ని కంచె మొక్కగా చూసి వదిలేస్తున్నాం. పక్క రాష్ట్రంలో బతుకుతెరువైన పువ్వు మన దగ్గర రాలిపోతుంటే నాకు బాధగా ఉంటుంది.

తీసిన అర్కం మరిగించిన గాజుసీసాలో పోసి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెట్టండి. దాంట్లో నిలవ మందు ఏదీ లేదు కాబట్టి కొన్ని వారాల్లో వాడేయాలి. అడుగున తీగల్లాంటివి కనిపించినా, వాసన మారినా పారబోయడమే. పైన తేలిన నూనెని విడిగా తీసి, పిల్లలకి అందనిచోట ఉంచండి. అది చిక్కటి సరుకు, తాగేది కాదు, చర్మానికి నేరుగా రాసేదీ కాదు. మొదటిసారి చేసేవాళ్లు నిమ్మగడ్డితో మొదలుపెట్టండి, అది ఎవరికైనా వస్తుంది. రెండోసారికి మిరియాలు తీసుకోండి.