‘డ్రైవ్’ సినిమా: అపోహలు - వాస్తవాలు (ఒక ఎడిటర్ వైపు నుంచి)

నేను హైదరాబాద్‌లో ఫిల్మ్ ఎడిటర్‌ని. సినిమాలతో పాటు ట్రైలర్లు కూడా కట్ చేస్తుంటాను. 2011లో వచ్చిన ‘డ్రైవ్’ పేరెత్తితే మా వాళ్లలోనే రెండు వర్గాలు తయారవుతాయి. కొందరు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు, కొందరు సగంలోనే ఆపేశామంటారు. దర్శకుడు నికోలస్ వైండింగ్ రెఫ్న్. పేరు కూడా లేని హీరోగా రయన్ గాస్లింగ్. లాస్ ఏంజెలెస్‌లో పగలు మెకానిక్ షెడ్డులో పని, మధ్యమధ్యలో సినిమాలకు కారు స్టంట్లు, రాత్రిపూట దొంగలకు కారు నడపడం. పక్క ఫ్లాట్‌లో ఉండే ఐరీన్ కుటుంబాన్ని కాపాడబోయి ఒక దోపిడీలో ఇరుక్కుంటాడు. చూడని వాళ్లు ఇక్కడే ఆగండి, ముఖ్యమైన సీన్లు చెప్పేస్తున్నాను.

అపోహ: ఇది కార్ ఛేజ్‌ల సినిమా.

మొదటి సీన్‌నే చూడండి. దొంగలకు అతనిచ్చే టైమ్ ఐదు నిమిషాలు. స్టీరింగ్‌కి కట్టిన వాచీ, పోలీస్ రేడియో, ఇంకోపక్క బాస్కెట్‌బాల్ మ్యాచ్ కామెంటరీ. ఇందులో స్పీడు కన్నా ఆగడమే ఎక్కువ. హెలికాప్టర్ లైటుకు దొరక్కుండా కారు ఆపుకుని ఉంటాడు, సిగ్నల్ దగ్గర ఆగుతాడు. చివరికి మ్యాచ్ అయిపోయి జనం బయటికొచ్చే సమయానికి స్టేడియం పార్కింగ్‌లోకి దూరి, టోపీ పెట్టుకుని గుంపులో కలిసిపోతాడు. రేడియోలో ఆ మ్యాచ్ ఎందుకు విన్నాడో మనకు అప్పుడు తెలుస్తుంది. టెన్షన్ పుట్టించడానికి టైరు అరవక్కర్లేదని మా జూనియర్లకు చెప్పాల్సి వస్తే నేను చూపించేది ఈ సీనే. అసలైన ఛేజ్ అనదగ్గది ఆ తర్వాత, దోపిడీ బెడిసికొట్టినప్పుడు వస్తుంది. మిగతా సినిమా అంతా చూపులు, మౌనం, నెమ్మదిగా కదిలే కెమెరా.

అపోహ: మొదటి నుంచి చివరిదాకా రక్తపాతమే.

దాదాపు సగం సినిమా వరకు రక్తపాతం లేదు. మోటెల్ గదిలో తుపాకీ పేలే దాకా ప్రేక్షకుడు ఒక ప్రేమకథలో ఉన్నాననే అనుకుంటాడు. అందుకే ఆ దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. చావులు ఇంతకంటే చాలా ఎక్కువగా ఉన్న మన సినిమాలను ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తున్నాం కదా.

మన ఫైట్‌లో దెబ్బ పడ్డాక స్లో మోషన్ వస్తుంది. రౌడీ గాల్లో తేలతాడు, ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) పైకి లేస్తుంది, ఈల వేయడానికి మనకు టైమ్ దొరుకుతుంది. అది హీరో ఎలివేషన్ అని మనసుకు తెలుసు, నొప్పి దాకా వెళ్లదు. ‘డ్రైవ్’ లిఫ్ట్ సీన్‌లో వరుస తిరగబడింది. పక్కనున్న మనిషి కోటు లోపల తుపాకీ ఉందని హీరో గమనిస్తాడు. ఐరీన్‌ని చేత్తో మెల్లగా వెనక్కి జరిపి ముద్దు పెట్టుకుంటాడు. స్లో మోషన్ అక్కడే వస్తుంది, లిఫ్ట్‌లో వెలుతురు కూడా మారిపోతుంది. ముద్దు అవగానే కాలం మామూలు వేగానికొచ్చి, ఆ మనిషి తల కాలి కింద నలిగిపోతుంది. నలిగిన తల తెర మీద కనిపించేది క్షణం సేపే. మిగిలిందంతా హీరో వీపు, ఊపిరి, ఆ శబ్దం. మనం చూశామనుకునే దాంట్లో చాలా భాగం నిజానికి విన్నదే. ఈ సినిమాకు వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ నామినేషన్ సౌండ్ ఎడిటింగ్‌కి రావడం నాకు పూర్తిగా న్యాయంగా అనిపిస్తుంది. తర్వాత ఐరీన్ బయటికి నడిచి, వెనక్కి తిరిగి అతన్ని చూస్తుంది. ఇద్దరి మధ్య తలుపు మూసుకుంటుంది. ఆమె ముఖంలో భయం చూపించారు కాబట్టి ఈ హింసను గొప్పగా చూపించారన్న మాటను నేను ఒప్పుకోను. అయినా తట్టుకోలేని వాళ్లు చూడక్కర్లేదు. అమెరికాలోనూ దీనికి ‘ఆర్’ రేటింగే ఇచ్చారు, అంటే 17 ఏళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లు వెంట ఉంటేనే చూడాలి.

అపోహ: నచ్చని వాళ్లకు సినిమా అర్థం కాలేదు.

ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. కాన్స్ చలనచిత్రోత్సవంలో రెఫ్న్‌కు ఉత్తమ దర్శకుడి అవార్డు వచ్చింది, విమర్శకులు ఎక్కువమంది మెచ్చుకున్నారు. కానీ విడుదల రోజు థియేటర్ బయట ప్రేక్షకుల్ని అడిగి గ్రేడులిచ్చే సినిమాస్కోర్‌లో దీనికి దక్కింది సీ మైనస్, అంటే బాగా తక్కువ గ్రేడు. డబ్బు పెట్టి టికెట్ కొన్న వాళ్ల మాట అది. మిషిగన్‌లో ఒక ప్రేక్షకురాలైతే ట్రైలర్ చూసి రేసింగ్ సినిమా అనుకుని వెళ్తే అందులో డ్రైవింగే పెద్దగా లేదని, పంపిణీ సంస్థ మీద, థియేటర్ మీద దావా కూడా వేసింది. కోర్టులో అది నిలవలేదు. అయినా ఆమె బాధలో నిజం ఉంది. ఉన్న కొద్దిపాటి కార్ల షాట్లన్నీ ఏరి వరసగా పేరిస్తే ఎంత నిదానమైన సినిమా అయినా రెండు నిమిషాల పాటు పరుగులు తీస్తుంది. ఆ పని ఎంత తేలికో ట్రైలర్లు కట్ చేసే మాకు బాగా తెలుసు. అలా పిలిచి థియేటర్లో కూర్చోబెట్టి, తీరా నచ్చలేదంటే వాళ్ల అభిరుచిని తప్పు పట్టడం అన్యాయం. ఇదే సినిమాను తర్వాత ఇంట్లో, ఏం చూడబోతున్నారో తెలిసి చూసినవాళ్లలో చాలామందికి అంత కోపం రాకపోవడం నేను గమనించాను.

అపోహ: హీరో మాట్లాడడు కాబట్టి నటన లేదు.

మాటలు తక్కువైతే ఎడిటర్‌కి దాక్కోవడానికి చోటుండదు. మామూలుగా డైలాగ్ ఎక్కడ ముగుస్తుందో అక్కడ కట్ వేసుకుంటాం. ఇక్కడ కళ్లలో ఆలోచన మారే క్షణాన్ని పట్టుకుని కట్ చేయాలి, ఆ మార్పు నటుడు ఇస్తేనే అది కుదురుతుంది. ఇక ఆల్బర్ట్ బ్రూక్స్. కామెడీకి పేరుపడ్డ మనిషిని విలన్‌గా పెట్టారు. స్నేహితుడి చేతి నరం కోసి, అయిపోయింది, ఇక నొప్పి ఉండదని మెత్తగా సముదాయిస్తాడు. ఆ గొంతు నన్ను లిఫ్ట్ సీన్ కన్నా ఎక్కువ భయపెట్టింది.

అపోహ: ఇంత తిట్లు తిన్నది ఫ్లాపే అయి ఉంటుంది.

సుమారు 1.5 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 7 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.