ఒక్క రోజు ఆగిన సైన్యం

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికా అంతర్యుద్ధం గురించి మీరు చదివిన పాఠంలో గెటిస్‌బర్గ్ ఉంటుంది, లింకన్ ఉంటాడు. 1865 ఫిబ్రవరి 2, 3 తేదీల్లో దక్షిణ కరోలినాలోని సాల్కెహాచీ నది వద్ద, రివర్స్ బ్రిడ్జ్ అనే రేవులో జరిగిన పోరు మాత్రం ఉండదు. అంత చిన్నది కాబట్టే దాన్ని మీకు పూర్తిగా చెప్పగలను.

1864 డిసెంబరులో సవానా నగరాన్ని పట్టుకున్న ఉత్తరాది సేనాని షెర్మన్, సుమారు 60 వేల మందితో ఉత్తరానికి కదిలాడు. అతని గురి అగస్టా మీదనో, చార్లెస్టన్ మీదనో తేల్చుకోలేక దక్షిణాది సేనానులు తమకున్న కొద్ది బలగాన్నీ చెదరగొట్టుకున్నారు. మధ్యలో ఉన్న నదులూ, చలికాలపు వానలకు పొంగిన చిత్తడి నేలలే శత్రువును ఆపుతాయని వారి ధీమా.

సాల్కెహాచీ వద్ద మెక్‌లాస్ అనే దక్షిణాది సేనాని దాదాపు 1,200 మందితో కాపు కాశాడు. చిత్తడి మీదుగా రేవుకు పోయే దారి ఇరుకైన కట్ట, దాని మీద చిన్న చిన్న వంతెనలు. అవతలి గట్టు మీది ఫిరంగులన్నీ ఆ కట్ట వైపే గురిపెట్టి ఉన్నాయి. దాని మీద నడవడమంటే వరుస కట్టి చావుకు ఎదురెళ్లడమే. మొదటి రోజు గాయపడిన వారిలో స్వేన్ అనే ఉత్తరాది అధికారి కాలు పోగొట్టుకున్నాడు.

అప్పుడు ఉత్తరాది సైనికులు కట్టను వదిలి, చెట్లు నరికి, చిత్తడి మీదుగానే వేరే దారులు, వంతెనలు వేయడం మొదలుపెట్టారు. మూడో తేదీన రెండు బ్రిగేడ్లు దిగువన ఆ చలినీటిలో నడిచి అవతలికి చేరి, మెక్‌లాస్ కుడి పార్శ్వాన్ని ఢీకొన్నాయి. అతను బ్రాంచ్‌విల్ వైపు వెనక్కి తగ్గాడు. ఉత్తరాది వారిలో 92 మంది, దక్షిణాది వారిలో 170 మంది చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగిందని లెక్క.

ఇంతా చేసి ఆ సేన ఆగింది ఒక్క రోజు. మెక్‌లాస్‌ను తప్పుపట్టను, అంత కొద్దిమందితో అంతకన్నా ఎక్కువ ఎవరూ చేయలేరు. నా దృష్టిలో అక్కడ గెలిచింది తుపాకీ కన్నా గొడ్డలి. పైగా, బానిసత్వాన్ని రద్దుచేసే రాజ్యాంగ సవరణను వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభ జనవరి 31నే, అంటే పోరుకు రెండు రోజుల ముందే ఆమోదించింది. యుద్ధానికి ముందు దక్షిణ కరోలినా జనాభాలో సగానికి పైగా బానిసలేనని గుర్తుంచుకుంటే, మెక్‌లాస్ మనుషులు ఏ వ్యవస్థ కోసం ఆ గట్టున ప్రాణాలొడ్డారో తెలుస్తుంది.

నది దాటిన నాలుగు రోజులకే షెర్మన్ సేన చార్లెస్టన్, అగస్టాల మధ్య రైలుమార్గాన్ని చేరి పట్టాలు పీకింది. ఫిబ్రవరి 17న రాష్ట్ర రాజధాని కొలంబియా పడిపోయింది. 1863 నుంచి ముట్టడికి లొంగని చార్లెస్టన్‌ను, యుద్ధం మొదలైన ఆ రేవు పట్టణాన్నే, దక్షిణాది సైన్యం అదే రాత్రి ఖాళీ చేసి వెళ్లిపోయింది.

ఇట్లు,
మీ తాతయ్య