ఆయిల్ కూలర్ పెద్దదైతే సరిపోదు, గాలి ఆడాలి

భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని మా విజయనగరంలో టీ కొట్టు దగ్గర కూడా విమానాల కబుర్లే. అయితే ఇంటి షెడ్డులో సొంతంగా బిగించుకునే విమానాలు కూడా ఉన్నాయంటే మాత్రం ఎవరూ ఓ పట్టాన నమ్మరు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అమ్మే ఆర్వీ అనే విడిభాగాల కిట్లతోనే వేల విమానాలు ఇలా తయారై ఎగురుతున్నాయి. ఎండాకాలం వచ్చిందంటే వాటి ఓనర్లలో చాలామందికి ఒకటే టెన్షన్, ఆయిల్ వేడెక్కిపోతోందని.

వీటిలో ఎక్కువగా వాడే లైకమింగ్ ఇంజన్లకి నీళ్ల రేడియేటర్ ఉండదు. సిలిండర్ల రెక్కల మధ్య నుంచి పోయే గాలి కొంత వేడిని లాక్కుపోతే, ఆయిల్ కొంత మోసుకెళ్లి కూలర్లో వదిలించుకుంటుంది. ఆ ఆయిల్ 82 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిది, 118 దాటితే ప్రమాదం. ట్రాక్టరు నిలబడి ఉన్నా ఫ్యాను గాలి లాగుతుంది. ఇక్కడ ప్రొపెల్లర్ తోసేది కాస్త పోను, మిగతాదంతా విమానం వేగం మీదే ఆధారం. వేగం రెట్టింపైతే ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది: గంటకు 280 కిలోమీటర్ల దగ్గర అది సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడికి సమానం, 140తో పైకెక్కుతుంటే 9 మాత్రమే. ఇంజన్ ఫుల్ పవర్ మీద ఉండేది సరిగ్గా ఆ ఎక్కేటప్పుడే! దానికి తోడు మా మే నెల మధ్యాహ్నంలా 40 డిగ్రీల ఎండైతే, 15 డిగ్రీల నాటి కంటే గాలి 8 శాతం పలచబడుతుంది.

అప్పుడు చాలామంది పెద్ద కూలర్ కొంటారు, లేదా ముక్కు దగ్గర గాలి దూరే కంతని పెద్దది చేస్తారు. నన్నడిగితే రెండూ ఆపమంటాను. ఎదురు కిటికీ మూసి ఉంటే ఈ కిటికీ ఎంత బార్లా తెరిచినా గదిలో గాలి ఆడదు. కూలర్లోంచి గాలిని నడిపేది దాని ముందు, వెనక ఒత్తిళ్ల తేడా.

ఆ తేడాని కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, తాపీ మేస్త్రి మట్టం చూసుకునే నీళ్ల పైపు లాంటిది చాలు. సన్నటి గొట్టం కొస మూసేసి, పక్కల్లో సూదితో బెజ్జాలు పెట్టి (గాలి నేరుగా కొడితే లెక్క తప్పుతుంది) కూలర్ ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టి, వాటిని కాక్‌పిట్‌లో రంగునీళ్లున్న యు ఆకారపు పైపుకి కలిపితే సరి, రెండు కొమ్మల్లో నీటి ఎత్తుల తేడాయే ఆ ఒత్తిళ్ల తేడా. అంతకన్నా ముందు టెంపరేచర్ సెన్సర్ని మరిగే నీళ్లలో ముంచి మీటర్ 100 చూపిస్తోందో లేదో చూడాలి. ఆయిల్ వేడెక్కగానే కూలర్‌ని తప్పించే దారిని మూసేసే వెర్నాథెర్మ్ వాల్వునీ చూడాలి, అది సరిగ్గా మూసుకోకపోతే వేడెక్కిన ఆయిల్ కూడా కూలర్లోకి వెళ్లకుండా పక్కదారి పడుతుంది, ఇక గాలి ఎంత తోలినా దండగే.

తేడా తక్కువ వస్తే ముందు లీకులు వెతకాలి. చీకట్లో కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు) లోపల లైటు వేసి చూస్తే ఏ సందులోంచి వెలుతురు వస్తోందో, గాలీ అక్కణ్ణుంచే పోతోంది. సిలికాన్ సీలెంట్‌తో పూడ్చేయడమే. కూలర్‌కి గాలి గొట్టం ద్వారా వస్తుంటే 3 అంగుళాలది తీసి 4 అంగుళాలది వేస్తే వైశాల్యం దాదాపు 78 శాతం పెరుగుతుంది, కానీ ఆ గొట్టాన్ని తెచ్చి కూలర్ మొహానికి ఠక్కున అతికిస్తే గాలి నడిమధ్యలోనే కొట్టి మూలలు ఖాళీగా ఉండిపోతాయి. గరాటులా నిదానంగా వెడల్పయ్యే పెట్టె మధ్యలో ఉండాలి, అప్పుడే గాలి నెమ్మదించి అంతటా పరుచుకుంటుంది. అందరూ వదిలేసేది వెనకవైపు. కూలర్ వెనక గోడో, ఇంజన్ మౌంటు పైపో అడ్డముంటే, కౌలింగ్ కింద గాలి బయటికి పోయే దారి ఇరుకైతే, ముందు ఏం చేసినా ఆ తేడా పెరగదు.

ఇదంతా చేశాక చలికాలంలో ఆయిల్ మరీ చల్లబడిపోవచ్చు, అప్పుడు అందులో చేరిన తేమ ఆవిరి కాక లోపలి భాగాలు తుప్పు పడతాయి. అందుకని గొట్టంలో తిప్పి మూసుకునే ప్లేటు ఒకటి పెట్టి, దాని కేబుల్ కాక్‌పిట్‌లోకి తెచ్చుకుంటారు.