వీఆర్‌కి పంపితే ప్రమోషన్ పోతుందా? పోలీసు అధికారుల సర్వీసు మీద అపోహలు, వాస్తవాలు

బదిలీల జాబితా వచ్చిన రాత్రి నా ఫోన్ ఆగదు. పోలీసు శాఖ మినిస్టీరియల్ సిబ్బందిలో చేరి, సిబ్బంది సర్వీసు ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలోనే సర్వీసంతా గడిపి, గుంటూరులో రిటైరై ఉన్నవాణ్ని కాబట్టి నా నంబరు ఒకరి నుంచి ఒకరికి వెళ్తూ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ అయితే "రేంజ్ వీఆర్‌కి పంపారు సార్" అంటారు (వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్, పోస్టింగ్ ఇవ్వకుండా ఆగమనడం; రేంజ్ అంటే కొన్ని జిల్లాల మీద ఉండే ఆఫీసు), డీఎస్పీ అయితే "మంగళగిరి హెడ్‌క్వార్టర్స్‌లో రిపోర్ట్ చేయమన్నారు" అంటారు. ఆ వెంటనే అందరూ అడిగేది ఒకటే: ఇక ప్రమోషన్ పోయినట్టేనా అని.

పోదు. ఈ ఒక్క అపోహ వల్ల పోలీసు కుటుంబాలు పోగొట్టుకున్నంత డబ్బు, నిద్ర ఇంకే దానివల్లా పోగొట్టుకోలేదు. అందుకే మొదట దీని సంగతే చెప్తాను.

అపోహ: మంచి పోస్టింగ్‌లో ఉంటేనే పైకి వెళ్తారు, వీఆర్ అన్నా లూప్‌లైన్ (ప్రాధాన్యం లేని పోస్టు) అన్నా కెరీర్ అయిపోయినట్టే.

వాస్తవం: ప్రమోషన్ ఫైలులో "ఈయన ఎక్కడ పని చేశాడు" అని అడిగే కాలమ్‌కి మార్కులుండవు. డీపీసీ (ప్రమోషన్లు తేల్చే శాఖా కమిటీ) ముందు పెట్టే కాగితాల్లో చూసేవి సీనియారిటీ లిస్టులో మీ నంబరు, ప్రొబేషన్ డిక్లేర్ అయిందా లేదా, ఏసీఆర్‌లు (పనితీరుపై ఏటా రాసే రహస్య నివేదికలు), పెండింగ్ చార్జ్‌లు, నడుస్తున్న శిక్షలు, ఆ ప్యానెల్ సంవత్సరంలో ఉన్న ఖాళీలు. మన రాష్ట్రంలో ప్యానెల్ (అంటే ప్రమోషన్‌కి అర్హుల జాబితా) సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు. సీనియారిటీ మీరు సెలక్ట్ అయినప్పటి ర్యాంకుతోనే చాలావరకు ఖాయమైపోతుంది. డైరెక్ట్ డీఎస్పీకి ఏపీపీఎస్సీ ఇచ్చిన ర్యాంకు, ఎస్సైకి పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు సెలక్షన్ లిస్టులో స్థానం. టౌన్ సబ్‌డివిజన్‌లో ఉన్నంత మాత్రాన ఆ నంబరు పైకి జరగదు, అనంతపురం ట్రైనింగ్ కాలేజీకి వెళ్లినంత మాత్రాన కిందికి దిగదు.

వీఆర్ అంటే సస్పెన్షన్ కాదు, శిక్ష అంతకంటే కాదు. శిక్షలేమిటో 1991 నాటి సీసీఏ రూల్స్‌లో (ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనల్లో) వరుసగా రాసి ఉన్నాయి, వాటిలో వీఆర్ అన్న మాటే లేదు. (సస్పెన్షన్ అన్నా మామూలుగా విచారణ సాగేంతవరకు పక్కన ఉంచడమే. ఈ సంగతి తెలియక ఎంతమంది ఇల్లు కదలకుండా కూర్చుంటారో.) వీఆర్‌లో ఉన్న కాలం డ్యూటీయే. హెడ్‌క్వార్టర్స్‌లో రిపోర్ట్ చేసి పోస్టింగ్ కోసం ఆగిన రోజులు కంపల్సరీ వెయిట్ కిందికి వస్తే మాత్రం వాటిని డ్యూటీగా పరిగణిస్తూ ఉత్తర్వు తెచ్చుకోవాలి, అది సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కాలి. లేకపోతే తర్వాత ఇంక్రిమెంట్ దగ్గర ఆడిట్ వాళ్లు ఆపుతారు. అడగాల్సింది దాన్ని. కానీ అడిగేవాళ్లు తక్కువ, పైరవీకి పరిగెత్తేవాళ్లు ఎక్కువ.

ఓ డీఎస్పీ గారి భార్య, మా వైపు దూరపు బంధువుల అమ్మాయే, ఒకసారి ఇంటికి వచ్చింది. "బాబాయ్ గారూ, ఒకతను ఫోన్ చేశాడు, ఫైలు తన దగ్గరే ఉందట, కొంత సర్దితే మళ్లీ సబ్‌డివిజన్ ఇప్పిస్తానంటున్నాడు" అంది. చేతిలో గాజుల పెట్టె ఉన్న సంచీ. బ్యాంకులో తాకట్టు పెట్టడానికి బయల్దేరి, దారిలో మా ఇంటి దగ్గర ఆగింది. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆయన మీద చార్జ్ మెమోలు (ఆరోపణలు రాసి వివరణ అడిగే కాగితాలు) ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి, రెండు. ఒకదానికి జవాబే ఇవ్వలేదు. బీరువాలో ఖాకీ కవరు అలాగే ఉందట, ఎవరో పెద్దాయన "అది నేను చూసుకుంటాలే" అన్నాడని తెరవనేలేదు. మీ ఆయన ప్రమోషన్‌ని ఆపేది ఆ కవరమ్మా, వీఆర్ కాదు అని చెప్పాను. గాజులు ఇంటికి పట్టుకుపోయింది. ఆయన ఆ ఖాళీ రోజుల్లో కూర్చుని స్టేషన్ రికార్డులు తెప్పించుకుని రెండింటికీ వివరణ రాశాడు. ఒకటి డ్రాప్ అయింది, రెండోది చిన్న శిక్షతో ముగిసింది. ఫోన్ చేసినవాడు మళ్లీ కనబడలేదు.

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్తాను. మెమోలు ఎక్కువ పుట్టేది అందరూ కోరుకునే ఫోకల్ పోస్టుల్లోనే. బందోబస్తులు, లాకప్ గొడవలు, సివిల్ తగాదాల్లో వేలు పెట్టారన్న పిటిషన్లు, పెండింగ్ కేసులు, అన్నీ అక్కడే. సీఐడీలోనో ఎస్సీఆర్‌బీలోనో (నేర రికార్డుల విభాగం) ఉన్నవాడి మీద అంత తొందరగా పిటిషన్ పడదు. పట్టుబట్టి టౌన్ వేయించుకుని, ఏడాది తిరిగేసరికి ఓరల్ ఎంక్వయిరీ (సాక్షులను పిలిచే శాఖా విచారణ) తెచ్చుకుని, జూనియర్ల పేర్లున్న ప్యానెల్‌లో తన పేరు ఎదురుగా "డిఫర్డ్" (వాయిదా) అని చూసుకున్నవాళ్ల ఫైళ్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. ఆ ఒక్క మాట టైపు చేయడానికి మనసొప్పేది కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: గ్రూప్-1లో డీఎస్పీ కొడితే 8 ఏళ్లకు ఐపీఎస్.

8 ఏళ్లు అనేది గడప మాత్రమే. 1955 నాటి ఐపీఎస్ ప్రమోషన్ రెగ్యులేషన్స్ ప్రకారం డీఎస్పీగా కనీసం 8 ఏళ్ల సర్వీసు ఉంటే పేరు పరిశీలనకు అర్హం. కేడర్‌లో ప్రమోషన్ కోటా పోస్టులు మూడోవంతుకు మించవు, ఖాళీకి మూడు రెట్ల మందిని సీనియారిటీ వరుసలో చూస్తారు, యూపీఎస్సీ చైర్మన్ లేదా సభ్యుడి అధ్యక్షతన కమిటీ రికార్డులు చూసి గ్రేడ్లు ఇస్తుంది. నేరుగా చేరిన డైరెక్ట్ డీఎస్పీలకు, కింది నుంచి వచ్చిన ప్రమోటీలకు మధ్య సీనియారిటీ పేచీలు కోర్టుల దాకా వెళ్లినవి కాబట్టి ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ కూడా పెండింగ్ చార్జే దెబ్బ తీస్తుంది. శాఖాపరమైన విచారణ ఉన్నా, రాష్ట్ర ప్రభుత్వం ఇంటెగ్రిటీ (నిజాయితీ) సర్టిఫికెట్ ఆపినా పేరు "ప్రొవిజనల్"గా చేరుతుంది. సెలెక్ట్ లిస్టు గడువులోపల క్లియర్ కాకపోతే ఆ ఏడాది అవకాశం పోయినట్టే. అదనపు ఎస్పీగానో, ఐపీఎస్ రాకుండా నాన్ కేడర్ ఎస్పీగానో రిటైరైన నిజాయితీపరులు ఎందరో ఉన్నారు, వాళ్లది వైఫల్యం అనుకోవద్దు.

అపోహ: ఐపీఎస్ వస్తే చాలు, చివరికి డీజీపీ అవుతారు.

లెక్క వేయండి. డీఐజీకి 14 ఏళ్లు, ఐజీకి 18, అదనపు డీజీకి 25, డీజీ ర్యాంకుకు 30. ఐపీఎస్‌కి రిటైర్మెంట్ 60 ఏళ్లకు. 32 ఏళ్ల వయసులో చేరినవారికి 28 ఏళ్ల సర్వీసే దొరుకుతుంది, ఇక డీజీ ర్యాంకు ఎక్కడిది? పిల్లల్ని నాలుగో అటెంప్ట్, ఐదో అటెంప్ట్ అంటూ కూర్చోబెట్టే తల్లిదండ్రులకు ఇది ఎవరూ చెప్పరు. ఇక డీజీపీ కుర్చీ రాష్ట్రానికి ఒకటే. ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం యూపీఎస్సీ సీనియర్లలో ముగ్గురి ప్యానెల్ ఇస్తే వారిలో ఒకరిని, కనీసం 2 ఏళ్ల పదవీకాలంతో, ప్రభుత్వం ఎంచుకోవాలి.

అపోహ: విజయవాడ ఏసీపీ గుంటూరు డీఎస్పీ కంటే పెద్ద. రెండూ ఒకే ర్యాంకు. కమిషనరేట్‌లో డీఎస్పీని ఏసీపీ అంటారు, డీసీపీ అంటే ఎస్పీ స్థాయి. కమిషనర్ అనేది పోస్టు, ర్యాంకు కాదు. ఆ కుర్చీలో డీఐజీ స్థాయి అధికారి కూర్చోవచ్చు, ఐజీ స్థాయి అధికారీ కూర్చోవచ్చు.

అపోహ: పరీక్ష రాసి నేరుగా సీఐ అవ్వొచ్చు. అవ్వలేరు. బయటినుంచి చేరే దారులు కానిస్టేబుల్, ఎస్సై, డీఎస్పీ, ఐపీఎస్. సీఐ పోస్టు ఎస్సై నుంచి ప్రమోషనే. "డైరెక్ట్ సీఐ" అని ఫీజు వసూలు చేసేవాడు కనిపిస్తే పక్క స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.

చివరగా ఒకటి, దీని మీద బ్యాచ్‌మేట్ల మధ్య మాటలు కూడా పోయాయి. "ఇద్దరం ఒకే నోటిఫికేషన్, ఒకే ట్రైనింగ్. వాడు సీఐ అయ్యాడు, నేను ఇంకా ఎస్సైనే. ఎవడో తొక్కేశాడు." స్థానిక ఉద్యోగాలను జోన్లుగా విభజించిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉమ్మడి కృష్ణా జిల్లా రెండో జోన్‌లో, ఉమ్మడి గుంటూరు జిల్లా మూడో జోన్‌లో పడ్డాయి. అంటే ప్రకాశం బ్యారేజీకి అటు విజయవాడ ఒక జోను, ఇటు తాడేపల్లి ఇంకో జోను. ఎస్సైల సీనియారిటీ జోన్ వారీగా నడుస్తుంది, ఖాళీలూ జోన్ వారీగానే వస్తాయి. ఒక జోన్‌లో రిటైర్మెంట్లు ఎక్కువై ఖాళీలు పడితే అక్కడివాళ్లు ముందు వెళ్తారు. ఇందులో ఎవరూ ఎవర్నీ తొక్కింది లేదు. మీరు చూసుకోవాల్సింది మీ జోన్ ప్రొవిజనల్ సీనియారిటీ లిస్టు. అది సర్క్యులేట్ అయినప్పుడు పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, ప్రొబేషన్ తేదీ సరిచూసుకుని, తప్పుంటే ఇచ్చిన గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. ఆఫీసు కాపీ మీద ముద్ర వేయించుకుని దాచుకోండి.