హెచ్చరికకూ పరీక్ష

ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. చేరినా హెచ్చరిక రాకపోతే నది ఒడ్డున ఉండేవాళ్లు వరదలో చిక్కుకుంటారు. చేరకుండానే రోజూ వస్తుంటే, అసలు రోజున ఎవరూ ఇల్లు కదలరు. మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఇచ్చే వార్నింగులకూ ఈ రెండు జబ్బులే.

సీ ప్లస్ ప్లస్ భాషలో వెక్టర్‌ను, అంటే డేటా వరుసగా దాచే జాబితాను, ఖాళీ చేయాలంటే క్లియర్‌ని పిలవాలి. పొరపాటున ఎంప్టీని పిలిస్తే అది ఖాళీ చేయదు, ఖాళీగా ఉందో లేదో చెప్పి ఊరుకుంటుంది. ప్రోగ్రాం నడుస్తుంది, పాత డేటా అలాగే ఉంటుంది. అందుకే సీ ప్లస్ ప్లస్ 20లో ఎంప్టీకి నోడిస్కార్డ్ గుర్తు తగిలించారు: జవాబును వాడకుండా వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది.

వెక్టర్ లాంటివి ఉండే లైబ్రరీని సవరిస్తూ ఎవరైనా ఆ గుర్తును చెరిపేస్తే? మామూలు టెస్టులన్నీ పాసవుతాయి, ఎందుకంటే ఎంప్టీ ఇప్పటికీ సరైన జవాబే ఇస్తోంది. కాబట్టి తప్పు కోడ్‌నే కావాలని రాసి పరీక్షించాలి. క్లాంగ్ అనే కంపైలర్ తరఫు లైబ్రరీ టెస్టుల్లో ఆ తప్పు లైను పక్కన కామెంట్‌గా ఎక్స్‌పెక్టెడ్-వార్నింగ్ అని రాసి, జంట ఫ్లవర్ బ్రాకెట్లలో రావాల్సిన మాటలు పెడతారు. వెరిఫై ఆప్షన్‌తో కంపైల్ చేస్తే, ఆ లైనులో ఆ వార్నింగ్ రాకపోయినా ఫెయిలే, రాయనిది ఒక్కటి అదనంగా వచ్చినా ఫెయిలే. ఈ రెండో సగమే నాకు ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది.

జీసీసీ అనే మరో కంపైలర్ టెస్టుల్లో ఇదే పనికి డీజీ-వార్నింగ్, రాకూడనిదానికి డీజీ-బోగస్ ఉన్నాయి. అక్కడ రాసిన మాటలను టీసీఎల్ అనే స్క్రిప్టు భాష చదువుతుంది. చదరపు బ్రాకెట్లు కనిపిస్తే వాటిని ఆదేశం అనుకుంటుంది, అందుకే వాటి ముందు బ్యాక్‌స్లాష్‌లు పడాలి. బఫర్ (డేటాకు కేటాయించిన చోటు) పొంగే ప్రమాదాన్ని పట్టే కొన్ని వార్నింగులైతే ఓ2 లాంటి ఆప్టిమైజేషన్ (ప్రోగ్రాంను వేగవంతం చేసే ఆప్షన్) లేనిదే రావు, విలువలు ఎక్కడికి పారుతున్నాయో కంపైలర్‌కు అప్పుడే తెలుస్తుంది.

అన్నిటికన్నా మోసం చేసేది సిస్టం హెడర్ ప్రాగ్మా, అంటే లైబ్రరీ ఫైలులో కంపైలర్‌కు ఇచ్చే ఒక సూచన. లైబ్రరీ ఫైళ్ల లోపల పుట్టే వార్నింగులను కంపైలర్ దానివల్లే నొక్కేస్తుంది. వాడేవాళ్లకు అది మేలు, టెస్టుకు మాత్రం గుడ్డితనం. అందుకే టెస్టులప్పుడు ఆ ప్రాగ్మాను ఆపాలి, లేదా డబ్ల్యూ-సిస్టం-హెడర్స్ ఆప్షన్ ఇవ్వాలి.

సరిపోల్చే మాటలు మరీ పొడవైతే కంపైలర్ కొత్త వెర్షన్ ఒక్క పదం మార్చినా టెస్టు విరిగిపోతుంది. 'ఇగ్నోరింగ్ రిటర్న్ వాల్యూ' వరకు చాలు. మరీ కుదిస్తే వేరే వార్నింగ్ వచ్చినా పాసవుతుంది.

విజయవాడ, గుంటూరు కాలేజీ ల్యాబుల్లో క్లాంగ్ ఉన్న ఏ సిస్టంలోనైనా దీన్ని పది లైన్ల ఫైలుతో చేసి చూడొచ్చు. అంతా సరిగ్గా ఉంటే తెరమీద ఏమీ రాదు. తర్వాత ఎంప్టీని క్లియర్‌గా మార్చి మళ్లీ నడపండి: ఎదురుచూసిన వార్నింగ్ కనిపించలేదని క్లాంగ్ ఎర్రర్ ఇస్తుంది.