ఖజానా జీతంతో నిలిచిన సైన్యం: అల్లావుద్దీన్ ఖిల్జీ ప్రయోగం

1303లో మంగోలు దళపతి తర్ఘీ ఢిల్లీ మీదికి వచ్చేసరికి సుల్తాన్ అల్లావుద్దీన్ ఖిల్జీ దగ్గర సరైన సైన్యం లేదు. ఒక దళం చిత్తోడ్ ముట్టడి ముగించుకుని, నలిగిపోయి అప్పుడే తిరిగొచ్చింది. బెంగాల్ వైపు నుంచి ఓరుగల్లు మీదికి పంపిన ఇంకో దళం విఫలమై, రాజధానికి చేరుకోలేని స్థితిలో ఉంది. సుల్తాన్ సిరి దగ్గర కందకం తవ్వించుకుని అందులోనే ఉండిపోయాడు. సుమారు రెండు నెలల తర్వాత తర్ఘీ తనంతట తానే వెళ్లిపోబట్టి ఢిల్లీ బతికిపోయింది. ఏడాది పొడవునా సిద్ధంగా ఉండే పెద్ద సైన్యం కావాలన్న పట్టుదల సుల్తానుకు ఈ దెబ్బతోనే కలిగిందని చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాశాడు.

అంతకుముందు రౌతులకు జీతానికి బదులు ఊళ్ల శిస్తు రాసిచ్చేవారు. పాత సుల్తాన్ ఇల్‌టుట్‌మిష్ కాలంలో అలా పొందినవాళ్లు ముసలివాళ్లయినా, చనిపోయినా ఊళ్లు ఆ కుటుంబాల చేతుల్లోనే ఉండిపోయాయి. వాటిని వెనక్కి తీసుకోవాలని ఆ తర్వాత వచ్చిన సుల్తాన్ బల్బన్ చూశాడు. ముసలి సైనికులు నగర రక్షణాధికారి (కొత్వాల్) ఫక్రుద్దీన్ దగ్గరికెళ్లి మొరపెట్టుకోవడం, ఆయన సుల్తాన్ ముందు కంటతడి పెట్టడంతో బల్బన్ వెనక్కి తగ్గాడు.

అల్లావుద్దీన్ తగ్గలేదు. రౌతుకు ఏడాదికి 234 టంకాల (వెండి నాణేల) నగదు జీతం పెట్టాడు. రెండో గుర్రం ఉంటే ఇంకో 78. తనిఖీ రోజున మంచి గుర్రానికి బదులు తట్టు గుర్రాన్ని చూపించడం, ఒకరి పేరు మీద మరొకరు రావడం అప్పట్లో మామూలే. అందుకే గుర్రానికి వాత పెట్టే ‘దాగ్’, సైనికుడి రూపురేఖలు రాసుకునే ‘హులియా’ కచ్చితంగా అమలు చేశారు. అల్లావుద్దీన్ దగ్గర 4,75,000 మంది రౌతులు ఉండేవారని చాలాకాలం తర్వాత చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఆ లెక్క నమ్మడం కష్టం.

అసలు విషయమంతా ధరల్లో ఉంది. అంతమందికి పెద్ద జీతాలిస్తే కొన్నేళ్లలోనే ఖజానా ఖాళీ అవుతుంది. జీతం పెంచకుండా రౌతు కుటుంబం బతకాలంటే సరుకులు చౌకగా దొరకాలి. అందుకని ఢిల్లీలో మణుగు గోధుమలు ఏడున్నర జీతళ్లు (టంకా కన్నా చాలా చిన్న నాణేలు), బియ్యం 5, శనగలు 5 అని ధర కట్టారు. మేలుజాతి గుర్రం ధర 100 నుంచి 120 టంకాలు, అంటే రౌతు ఏడాది జీతంలో దాదాపు సగం. గుర్రాల దళారులను బజారు నుంచి తరిమేశారు. ధాన్యం మోసే వర్తకులను కుటుంబాలతో సహా యమునా తీరంలో కాపురం పెట్టించి, మండీ అధికారి మాలిక్ ఖబూల్ కింద ఉంచారు. తూకంలో మోసం చేస్తే, తగ్గినంత మాంసం వర్తకుడి ఒంటి నుంచే కోసేవారని బరనీ అంటాడు.

ఈ భారమంతా మోసింది రైతు. భూమి కొలిచి పంటలో సగం శిస్తుగా తీసుకున్నారు. పశువుల మేతకూ, ఇంటికీ వేరే పన్నులు. గంగా యమునల మధ్య ఖజానా భూముల్లో శిస్తును ధాన్యం రూపంలోనే రాబట్టి ఢిల్లీ గాదెలకు తోలారు. ఆ సైన్యం గొప్పతనం చెప్పేటప్పుడు ఈ సంగతి వదిలేస్తే నా దృష్టిలో అది అన్యాయమే.

ఆ సైన్యమే సేనాని మాలిక్ కాఫూర్ వెంట 1309 చివర్లో బయల్దేరి, 1310 మొదట్లో ఓరుగల్లును ముట్టడించింది. ఇక్కడ కాకతీయులది నాయంకర పద్ధతి: నాయకులు తమకిచ్చిన ఊళ్ల ఆదాయంతో సేనలను పోషించి, రాజు పిలిచినప్పుడు రావాలి. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు.

1316లో అల్లావుద్దీన్ పోగానే ధరల కట్టడి కూలిపోయింది. తర్వాత ఫిరోజ్‌షా తుగ్లక్ సైనికులకు మళ్లీ ఊళ్ల శిస్తు రాసిచ్చి, అది కొడుక్కి, కొడుకు లేకపోతే అల్లుడికి దక్కేలా చేశాడు. తన గుర్రం తనిఖీలో నెగ్గదని ఒక రౌతు బాధపడుతుంటే ఫిరోజ్ విన్నాడట. గుమాస్తాకు ఎంత ఇవ్వాలని అడిగి, లంచానికి కావలసిన బంగారు టంకా తానే ఇచ్చాడని చరిత్రకారుడు అఫీఫ్ మెచ్చుకుంటూ రాశాడు.